కింది గడిలో నీళ్ల పప్పు

ఆ రోజుల్లో నాకు లోకమంతా నాలుగు గళ్లలో పట్టేస్తుందని గట్టి నమ్మకం. తణుకు నుంచి వచ్చి మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు నెలలైంది. ఆఫీసంటే అద్దాల మేడ అనుకునేరు, జిరాక్స్ షాపు పైన రెండు గదులు. హాస్టల్ వెతుక్కునేవాళ్ల కోసం యాప్ తయారుచేసే చిన్న కంపెనీ మాది. మా బాసుకి మేం పెట్టుకున్న పేరు గళ్ల సారు (చొక్కాలు గళ్లవి కావు, బుర్ర గళ్లది). ఏ సంగతి వచ్చినా బోర్డు మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసేసి, "మార్కెట్ అంటే జనం కాదమ్మా, గళ్లు! ఎవరు ఏ గడిలో ఉన్నారో చెప్పు, వాళ్ల జాతకం నేను చెప్తాను" అనేవారు. ఆ మాటలు కూడా నోట్సు రాసుకునేదాన్ని. ఎంత భక్తో!

ఒక సోమవారం ఆయన నన్ను పిలిచి, చుట్టుపక్కల లేడీస్ హాస్టళ్లన్నిటినీ ఒక చార్టులోకి ఎక్కించమన్నారు. అడ్డగీత మీద భోజనం, నిలువు గీత మీద వసతి. రెండూ బాగుంటే కుడివైపు పై గడి, రెండూ బాగాలేకపోతే ఎడమవైపు కింది గడి. అందులో ఉండేది కోచింగ్ పిల్లలా, కొత్త ఉద్యోగులా అన్నది చుక్క రంగుని బట్టి తెలియాలి. శనివారం ఓనర్లను పిలిచి, పేర్లు లేకుండా చుక్కలు మాత్రం చూపించి, "మీ పోటీ ఇదీ, మా యాప్‌లో చేరండి" అనాలన్నది ప్లాను. నేను కొంగు బిగించాను. ఐదు రోజులు మెట్లెక్కి, మెట్లు దిగి అమ్మాయిల్ని అడిగాను. హాస్టల్‌ని బోర్డు మీది పేరుతో పిలిచే అమ్మాయి ఒక్కతీ ఉండదు కదా! ఒకటి బల్లి భవనం, ఒకటి పనీర్ ప్యాలెస్, ఇంకొకటి చన్నీళ్ల స్వర్గం. నేనూ ఫైల్లో అవే రాసుకుంటూ పోయాను, ఆఖర్న తీసేద్దాంలే అని. ఎడమవైపు కింది గడిలో, అట్టడుగున ఒంటరి చుక్క పెట్టి పక్కన "నీళ్ల పప్పు" అని రాశాను. అది నేనుంటున్న హాస్టలే. సొంతమని చూడకుండా నిజం రాసినందుకు నన్ను నేనే తెగ మెచ్చుకున్నాను.

శనివారం పొద్దున ఓనర్లు తొమ్మిది మంది వచ్చారు. మా హాస్టల్ ఆంటీ పట్టుచీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆవిడది ఖాజాగూడ, గొంతు విప్పితే మూడో అంతస్తు దాకా వినిపిస్తుంది. "గీ లెక్కలన్నీ మా పిల్లనే చేసింది. మా హాస్టల్లనే ఉంటది" అని అటూ ఇటూ చెప్పుకుంటోంది. గళ్ల సారు తెర మీద చార్టు వేశారు. చూద్దును కదా, ముద్దుపేర్లన్నీ అలాగే ఉన్నాయి! పేర్లు తీసేసిన ఫైలు నా దగ్గరే ఉండిపోయింది, ఆయనకు పంపింది ఇది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పటికే రెండు హాస్టళ్లు మారాను, ఈవిడకి తెలిసిందా, సాయంత్రానికి నా పెట్టె గేటు బయట ఉంటుంది. అది పోనీ, పట్టుచీర కట్టుకుని మురిసిపోతూ వచ్చిన మనిషికి పదిమందిలో తలవంపులు.

ఓనర్లు కళ్లజోళ్లు సవరించుకుని తెరకేసి చూశారు. కూకట్‌పల్లి నుంచి వచ్చి ఇక్కడ రెండు హాస్టళ్లు నడుపుతున్న మీసాలాయన ముందు లేచారు. "బల్లి భవనం అంటే ఎవరిదండీ? మా దాంట్లో బల్లుల్లేవండీ. ఉన్నా ఒకటో రెండో!" ఇంతలో ఆంటీ పకపకా నవ్వింది. "నీళ్ల పప్పంట! ఎవలో గానీ, సిగ్గు లేకుంటే సరి!" గది గదంతా ఘొల్లుమంది. గళ్ల సారు నావైపు తిరిగి, "ఏదమ్మా ఆ హాస్టలు?" అన్నారు. "అది... అది మూసేశారండి సార్" అన్నాను. మీసాలాయన తల పంకించి, "మూసెయ్యక ఏం చేస్తారండీ, ఆ పప్పుతో!" అన్నారు. ఆ నవ్వుల్లో మీటింగు గట్టెక్కింది, నలుగురు సంతకాలు కూడా పెట్టారు. ఆంటీకి అర్థం కాలేదు, బతికిపోయాను అనుకున్నాను.

సాయంత్రం హాస్టల్‌కి వెళ్లేసరికి వంటింట్లోంచి పిలుపు. ఆంటీ గరిటెతో పప్పు తీసి ధారగా వదులుతూ, "మూసేసిన్రా బిడ్డా? మరి గీ పప్పు ఎవలు వండిన్రు?" అంది. గుమ్మంలోనే ఆగిపోయాను. "మీకెలా తెలిసిందండి?" "నా పప్పు నాకు తెల్వదా? నేను ముందుగాల నవ్వకపోతే అందరు నా దిక్కే చూసేటోళ్లు." ఏడుపు తన్నుకొచ్చింది. సామాన్లు సర్దుకోమంటారా అని అడిగాను. "యాడికి పోతవ్? జర ఆగు. ఇరవై మందికి పప్పేస్త, తినేటోళ్లు ముప్పై మంది అయితరు. నీ దోస్తు గూడ వస్తదాయె. ఎవ్వర్నన్న తినకు పొమ్మన్ననా? గిన్నెల నీళ్లు పోస్త. గది నీ గీతలల్ల ఏడ పెడ్తవో పెట్టుకో" అంది. ఆ దోస్తు నా క్లాస్‌మేటు. ఉండేది పనీర్ ప్యాలెస్‌లో, కుడివైపు పై గడిలో! అక్కడ బయటివాళ్లని మెట్లు కూడా ఎక్కనివ్వరు. అది మాత్రం వారానికి నాలుగు రోజులు మా దగ్గరే తినేది. నాకు సిగ్గేసింది, చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు ఆంటీ పంతానికి పోయి, గరిటె నిలబడేంత గట్టిగా పప్పు వండింది. నేనూ నా దోస్తూ పళ్లేలు పట్టుకుని వెళ్లేసరికి గిన్నె ఖాళీ. మజ్జిగ పోసుకు తిని లేచి, "ఆంటీ, రేపట్నుంచి మళ్లీ నీళ్లు పోసెయ్యండి, మీకు పుణ్యముంటుంది" అన్నాను. అప్పుడు నవ్వింది చూడండీ, అదీ నవ్వంటే.

ఇప్పటికీ నా ఉద్యోగం గళ్లు గీయడమే, కాకపోతే ఇప్పుడు నిజంగా అద్దాల మేడలోనే. మొన్న ఆదివారం భోజనాల వేళకి మా ఇంట్లో చెప్పాపెట్టకుండా నలుగురు చుట్టాలు దిగారు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పప్పులో చెంబెడు నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టేశాను. ఐదు రోజులు మెట్లెక్కి దిగిన ఆ పిల్ల గానీ చూసి ఉంటే, నన్ను తీసుకెళ్లి ఏ గడిలో కూలేసేదో!