నెక్కొండ రేగడిలో రెండు బళ్ళు

కొత్త బండి కొనాలా, పాతదాన్నే బాగు చేయించుకోవాలా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. రెండింటినీ ఒకే రోజున, ఒకే దారిలో చూసినవాణ్ణి కాబట్టి అడుగుతారు. ఆ రోజు ఎందుకు పోవాల్సి వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు.

ఎనభైల నడిమి వానాకాలం అది. జపాన్ వాళ్ళ పొత్తుతో చేసిన కొత్త మోటారు సైకిళ్ళు వరంగల్ రోడ్ల మీద అప్పుడప్పుడే కనిపిస్తున్నాయి. నేను ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక పత్తి దుకాణంలో గుమస్తాను. ఒక సాయంత్రం మా అక్క ఊరి మనిషి వచ్చి దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు. అక్క పేరు శాంతమ్మ. నెక్కొండకు ఆరేడు మైళ్ళ అవతల ఉంటుంది.

"మీ అక్కకు కామెర్లు ముదిరినయ్. పసరు పోసిండ్రు, చేతికి వాతలు పెట్టిండ్రు. ఇప్పుడు మనుషులను గుర్తుపడ్తలేదు. రేపన్న పట్నం దవాఖానకు తీస్కపోకుంటె ఇగ దక్కదు," అన్నాడు.

ఆ ఊరికి బస్సు లేదు. వానాకాలంలో జీపు కూడా పోదు. ఇంటికి వచ్చి నా భార్యతో చెబుతుంటే ఆమె తమ్ముడు సుధాకర్ విన్నాడు. హనుమకొండలో బ్యాంకు ఉద్యోగం అతనిది. రెండు నెలల కిందటే జపాన్ బండి కొన్నాడు.

"నా బండి ఉండంగ ఫికరెందుకు బావా? నేనస్త. గంటన్నరల పోతం, గంటన్నరల తీస్కస్తం," అన్నాడు. మంచి మనసున్నవాడు. ఈ కథలో ఎక్కడైనా అతని మీద మీకు కోపం వస్తే ఈ మాట గుర్తు పెట్టుకోండి.

పొద్దున ఆరింటికి బయలుదేరాం. నా బండి పదిహేనేళ్ళది. నాలుగైదు కిక్కులు కొడితే గానీ లేవదు, లేచాక వీధి మొత్తాన్ని లేపుతుంది. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి, పోసినదాంట్లో సగం పొగకే పోతుంది. కానీ సీటు బెంచీలాగా బల్లపరుపుగా, పొడుగ్గా ఉంటుంది. ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చున్నా ఇబ్బంది లేదు. సుధాకర్ బండి ఒక్క కిక్కుకు లేచేది. లేచిందో లేదో చెవి పెట్టి వినాలి. లీటరు పోస్తే ఆ ఊరికి పోయి సగం దారి తిరిగి రావచ్చు. ఎర్రటి ట్యాంకు, సన్నటి నడుము, వెనక్కి లేచిన పొట్టి సీటు. ఇద్దరికి సరిపోతుంది, ఆ ఇద్దరూ బక్కవాళ్ళయితే.

ఇంకో తేడా ఉంది. నా బండికి ముందు చక్రం మీద మడ్‌గార్డు లేదు. నల్లరేగడి ఊళ్ళలో బండి ఉన్నవాళ్ళందరూ తొలి వాన పడగానే ముందు మడ్‌గార్డు విప్పి ఇంట్లో దూలానికి కట్టేస్తారు. మళ్ళీ దసరాకే దించేది. ఈ పద్ధతి నాకు నేర్పింది మా అక్క భర్త ఏసోబు బావ. రేగడి మట్టి చక్రానికీ రేకుకూ మధ్య ఒకసారి ఇరుక్కుంటే పిండిముద్దలాగా బిగుసుకుంటుంది, చక్రం తిరగదు. ఆ పొద్దున స్పానర్ తీసుకుని సుధాకర్ బండి దగ్గర కూర్చున్నాను.

"వద్దు బావా," అన్నాడు. "రెండు నెలలన్న కాలే. బోల్టులు కదిపితే కంపెనోడు గ్యారంటీ లేదంటడు. నేను చూస్కోని నడుపుత."

ఆకాశం తెరిపిగానే ఉంది. స్పానర్ సంచిలో వేసుకుని లేచాను.

నెక్కొండ దాకా కంకర రోడ్డు. సుధాకర్ ముందు పోయి, ఒక్కో ఊరి దగ్గర ఆగి, నేను వచ్చేదాకా చూసేవాడు. ఒకచోట రైల్వే గేటు పడింది. నాగలి భుజాన వేసుకున్న రైతు ఒకాయన కొత్త బండి చుట్టూ తిరిగి చూశాడు.

"బొమ్మలెక్క ఉన్నది సారూ. మా తొవ్వల నడుస్తదా?"

"గుర్రమోలె నడుస్తది పెద్దయ్యా," అన్నాడు సుధాకర్.

నెక్కొండలో ఇడ్లీ తిన్నాం. స్టేషన్‌లో అడిగితే వరంగల్ పోయే ప్యాసింజరు పన్నెండు దాటాక వస్తుందన్నారు. దానికి అక్కను అందించగలిగితే మధ్యాహ్నానికల్లా దవాఖానలో ఉంటుంది. అవతలి ఆరేడు మైళ్ళు పత్తిచేల మధ్య బండ్ల బాట. మట్టి ఇంకా పొడిగా ఉంది. తొమ్మిదిన్నరకు ఊళ్ళో దిగాం.

అక్కను చూసి నేను గుర్తుపట్టలేదు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి, కడుపు ఉబ్బింది. చేతి మణికట్టు మీద వాత పచ్చిగా ఉంది. ఏసోబు బావ తలాపున కూర్చుని తడిగుడ్డతో పెదవులు అద్దుతున్నాడు. ఆ గూడెంలో ఆదివారం ప్రార్థన చదివేది ఆయనే. ఆ రోజు బైబిలు గూట్లోనే ఉంది.

"వచ్చినవా తమ్మీ," అంది అక్క. నన్ను గుర్తుపట్టింది. ఆ ఒక్క మాటతో నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

ఆమెను ఎత్తి, కడిగి, బట్టలు మార్చి బయలుదేరేసరికి పదిన్నర దాటింది. అప్పుడే జల్లు మొదలైంది. ఏ బండి మీద అనే మాట వచ్చింది. ఏసోబు బావ రెండింటినీ చూసి, "కొత్తదాని మీదనే. కుదుపు ఉండదు, మట్టి నానకముందే దాటుతది, రైలు దొరుకుతది," అన్నాడు. సుధాకర్ ట్యాంకు మీదికి జరిగాడు, నడుమ అక్క, వెనక సగం గాలిలో బావ. నేను మూట కట్టుకుని వెనకాల బయలుదేరాను.

సగం దూరం బాగానే పోయాం. తర్వాత జల్లు వానైంది. రేగడి తడిసిందంటే దానికి చక్రం, కాలు అని తేడా ఉండదు, దేన్నైనా పట్టుకుంటుంది. నా కళ్ళముందే కొత్త బండి ముందు చక్రం తిరగడం మానేసి, సబ్బు మీద జారినట్టు పక్కకు జారింది. ముగ్గురూ పడలేదు గానీ అక్క గట్టిగా మూలిగింది. పుల్లలతో మట్టి గీకాం. నాలుగు బారలు కదిలాక మళ్ళీ బిగిసింది. మళ్ళీ గీకాం. స్పానర్ తీస్తే ఆ బోల్టుల సైజు వేరు. నా సంచిలో ఉన్నవన్నీ పాత బండివే, సుధాకర్ బండివి ఇంట్లో ఉన్నాయి. సుధాకర్ మడ్‌గార్డును ఉత్త చేతులతో పట్టుకుని గుంజాడు. అరచేతులు తెగి నెత్తురు కారింది, అది ఊడి రాలేదు.

దూరంగా రైలు కూత వినిపించింది.

అక్కను నా బండి మీదికి మార్చాం. సుధాకర్ వానలో తన బండి పక్కన నిలబడి, "మీరు పోండ్రి బావా, నేను ఎట్లనో నెక్కొండ దాక గుంజుకస్త," అన్నాడు.

నా బండి ఆ బురదను పెద్దగా లెక్క చేయలేదు. మా ముగ్గురి ముఖాలకూ పులిమి తాను ముందుకు పోయింది. నెక్కొండ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. తర్వాతి రైలు సాయంత్రం. బయట బస్సు గానీ జీపు గానీ లేదు. రోడ్డు మీదనే పోదామన్నాడు బావ.

పాత బండి గొప్పలు ఇక్కడితో సరి. ముగ్గురి బరువుతో పది మైళ్ళు పోగానే ఇంజను కాగి ఊపిరాడని దానిలా గురకపెట్టింది, ఆగింది. చల్లారేదాకా కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. దారి పక్క హోటల్ ముసలామె బల్ల ఖాళీ చేయించి అక్కను పడుకోబెట్టింది. చెంచాతో చాయ్ తాగించబోయింది. "నోట్లెకు పోతలేదు బిడ్డా. జల్ది తీస్కపోండ్రి," అంది నాతో. ఆ అరగంటా నేను ఇంజను మీద చెయ్యి పెట్టి తీస్తూ ఉన్నాను. ఆ ఇనుప ముక్కను నేనంత ద్వేషించిన రోజు లేదు.

మళ్ళీ బయలుదేరాక అక్క తల నా వీపుకు ఆనించింది. "తమ్మీ, ఈ బండి చప్పుడు చెవులల్లకు పోతాందిరా," అంది. "అయిపోయిందక్కా, వచ్చినం," అన్నాను. ఇంకా సగం దారి ఉంది. కొంతదూరం దాకా గుంత వచ్చినప్పుడల్లా ఆమె తల ఎత్తి మళ్ళీ ఆనించుకునేది. తర్వాత ఎత్తడం మానేసింది. నాకు వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. బావ మాత్రం, "ఆపకు బామ్మర్దీ, నడుపు," అని రెండుసార్లు అన్నాడు.

రెండున్నరకు దవాఖాన చేరాం. డ్యూటీ డాక్టర్ నాడి చూసి, కనురెప్పలు ఎత్తి చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు. తోవలోనే పోయిందని, అరగంట పైనే అయి ఉంటుందని చెప్పాడు.

"నాకు అనుమానమైంది," అన్నాడు బావ నెమ్మదిగా. "కని మీరు చెప్పేదాక పోలేదనే అనుకున్న సారూ."

నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. బావ ఏడవలేదు. ఆయనకు అంతకంటే పెద్ద చిక్కు వచ్చిపడింది. ఊరి బయట ప్రాణం పోయినవాళ్ళను ఆ ఊళ్ళోకి తీసుకురానివ్వరు. పొలిమేర బయటే మట్టి చేయాలి, ఇంటి ముఖం చూపించకూడదు. యేసును నమ్మినా సరే, ఊరి కట్టు ఊరి కట్టే. కిందటేడు ఒక పాలేరు శవాన్ని పొలిమేర దగ్గరే ఆపించినవాడు ఊరి పెద్దమనిషి కొమురయ్య.

"పొలిమేరవుతలనే బొంద పెడ్తె మా అవ్వ అంతదూరం నడిచి రాదు, ముఖమన్న చూడది. శాంత ఇంట్లకెల్లే పోవాలె," అన్నాడు బావ. "బతికున్నట్టే తీస్కపోదాం."

నెక్కొండ దాకా రమ్మని జీపు వాళ్ళను ఇద్దరిని అడిగాం. చూడగానే తెలిసిపోయింది వాళ్ళకు, రామన్నారు. అక్కను మళ్ళీ నా బండి మీదే, మా ఇద్దరి నడుమ కూర్చోబెట్టాం. బావ తన తువ్వాలతో ఆమెను తన నడుముకు కట్టుకున్నాడు, తల మీద దుప్పటి కప్పాడు. ఆ బెంచీ సీటు ముగ్గురికీ సరిపోయింది.

పొద్దుగూకే ముందు నెక్కొండ చేరాం. సుధాకర్ సైకిల్ షాపు ముందు ఉన్నాడు. అక్కడివాళ్ళ స్పానర్‌తో మడ్‌గార్డు ఊడదీయించాడట, అది నేల మీద పడి ఉంది. చేతులకు గుడ్డలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"డాక్టర్ ఏమన్నడు?"

చుట్టూ జనం ఉన్నారు. "తగ్గుతదన్నడు," అన్నాడు బావ.

సుధాకర్ దుప్పటి వైపు చూశాడు, నా ముఖం చూశాడు. బండి తీశాడు. నా బండి దీపం ఇంజను నెమ్మదిస్తే మిణుకుమంటుంది. అతని దీపం తెల్లగా, దూరం దాకా పడేది. ఆ మసక చీకట్లో అతను ముందు నడుపుతూ గుంతలు చూపిస్తుంటే మేం వెనకాల పోయాం. మడ్‌గార్డు లేని కొత్త బండి ఆ బురదలో ఎక్కడా ఆగలేదు.

పొలిమేర కల్వర్టు మీద కొమురయ్య, ఇంకో ఇద్దరు గొడుగు కింద కూర్చుని ఉన్నారు. ఆగక తప్పలేదు.

"ఎట్లున్నది శాంతమ్మకు?" అన్నాడు కొమురయ్య.

"నిద్రపోతాంది," అన్నాడు బావ.

కొమురయ్య లేచి వచ్చాడు. దుప్పటి కింద బయటికి వచ్చిన అక్క పాదం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది. ఆయన దుప్పటి అంచు లాగి పాదాన్ని కప్పి, వెనక ఉన్న ఇద్దరికీ వినిపించేలా గట్టిగా అన్నాడు.

"జరమైతె తగ్గింది. జర మెల్లగ తీస్కపోండ్రి, వానకు తడుస్తాంది."

ఇంట్లో మంచం మీద పడుకోబెట్టి, బావ వాళ్ళమ్మ వచ్చి ముఖం తడిమేదాకా ఆగాం. ఆ తర్వాతే ఏసోబు బావ బయటికి వచ్చి గొంతెత్తి ఏడ్చాడు. ఊరంతా వచ్చింది. అందరికంటే ముందు కొమురయ్య వచ్చి, ఇప్పుడే విన్నవాడిలా వాకిట్లో తలపాగా తీశాడు.

మర్నాడు మట్టి చేసి, మధ్యాహ్నం నేనూ సుధాకర్ వరంగల్‌కు తిరుగు ప్రయాణమయ్యాం. ఎండ కాసి బాట గట్టిపడింది. ఆ దారిన పోయేవాళ్ళకు నేను చెప్పేదొకటే, కొత్తదైనా పాతదైనా ముందు ఆ రేకు విప్పండి, మీ స్పానర్లు మీ బండివేనా అని చూసుకోండి. వేగం, మైలేజీ, చప్పుడు అన్నీ పట్నంలో కూర్చుని చెప్పుకునే మాటలు. మేం రెండు బళ్ళు తీసుకుపోయాం, ఒక మనిషిని కాపాడుకోలేకపోయాం.

రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు సుధాకర్ ఇంజను ఆపేశాడు. చాలాసేపు పట్టాల వైపు చూశాడు.

"బావా, రైలు దొరికి ఉంటె అక్క బతుకునా? డాక్టర్‌ను అడిగినవా?"

"అడిగిన," అన్నాను. "దొరికినా బతికేది కాదు. లోపల ఎప్పుడో చెడిపోయిందన్నడు."

అతను తల ఊపి కళ్ళు తుడుచుకున్నాడు. గేటు లేచింది. నేను డాక్టర్‌ను ఏమీ అడగలేదు.