యాడుండాదప్పా

సెర్చ్ ఇంజిన్‌ను ‘అప్పా’ అని పిలిచిన మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. కడపలో నాతో కలిసి వెబ్‌సైట్లు తయారుచేసే పని మొదలుపెట్టిన స్నేహితురాలు ఆమె. ఆమెది కర్నూలు, నాది రాజంపేట. టైలర్ షాపు మీద ఒక గది, రెండు పాత కంప్యూటర్లు, ఒక టేబుల్ ఫ్యాను. ఎండాకాలం వచ్చిందంటే ఆ ఫ్యాను ఎవరి వైపు తిరగాలన్నదే మా ఇద్దరి మధ్య పెద్ద తగాదా.

వెతకాలంటే ఎవరైనా రెండు ముక్కలు కొట్టి ఊరుకుంటారు. ఆమె మాత్రం ఎదురుగా మనిషి కూర్చున్నట్టు అడిగేది. ‘కమలాపురం బస్సు ఎన్ని గంటలకుండాదప్పా’ అని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ తెలుగులో పూర్తిగా టైపు చేసేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

“మిషన్ను పట్టుకోని అప్పా అంటావేంది మే? అదేమన్నా మీ చిన్నాయనా?”

“అడిగేటప్పుడు మర్యాదగా అడగాల. మర్యాదకేమన్నా దుడ్లు అయితాయా?”

పేజీ చూడటానికి ముచ్చటగా ఉండేలా చేయడం ఆమె పని. ఆ పేజీ సెర్చిలో పైకి వచ్చేలా చేయడం నా పని. జనం ఏ మాట కొట్టి వెతుకుతారో కనుక్కోవాలి, ఆ మాటను శీర్షికలో పెట్టాలి, బొమ్మకు కళ్ళులేని మిషనుకు కూడా అర్థమయ్యేలా కింద ఒక వాక్యం రాయాలి. ఇవన్నీ నాకే తెలుసని నాకు మహా గర్వం.

ఒకసారి వాళ్ళ నాయన బొరుగుల బట్టికి వెబ్‌సైటు చేద్దామంది. కర్నూలులో ఒక సందు లోపల ఉండేది ఆ బట్టి. బోర్డు లేదు. పల్లెల నుంచి బొరుగులు కొనడానికి వచ్చేవాళ్ళు సందు మొదట్లో నిలబడి, “బొరుగుల బట్టి యాడుండాదప్పా?” అని కేకేసేవాళ్ళట. లోపలి నుంచి వాళ్ళ నాయన, “ఈడనే ఉండాది, రాండి” అనేవాడట. ఆమె బడి పాఠాల కంటే ముందు విన్నవి ఆ రెండు మాటలే. అందుకే పేజీ పైన పెద్ద అక్షరాలతో ఆ ప్రశ్న పెట్టి, దాని కింద ఆ జవాబు పెట్టింది.

నేను లెక్క తీసి చూపించాను. బొరుగులు అనేది మన సీమలోనే, బయట అందరూ మరమరాలనే వెతుకుతారు అన్నాను. ‘యాడుండాదప్పా’ అని ఈ భూమ్మీద ఎవరూ వెతకరన్నాను.

“మనోళ్ళు ఎట్లా అడుగుతారో అట్లానే రాయాల మే. అడిగినోళ్ళకు జవాబు చెప్పేదే గదా మన పని,” అంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం నేను. ఆమె ఊరికి పోయిన రోజు చూసి ఆ రెండు వాక్యాలూ తీసేశాను. ‘నాణ్యమైన మరమరాల తయారీదారులు, కర్నూలు’ అని పెట్టాను. కొన్ని వారాలకే పేజీ సెర్చిలో పైకి వచ్చింది. అది చెప్పుకుని నేనే మురిసిపోయాను కూడా.

ఆ ఆదివారం ఆమె కర్నూలు వెళ్ళి, ఫోన్లో ఆ పేజీ తెరిచి వాళ్ళ నాయన చేతికి ఇచ్చింది. సోమవారం పొద్దున వచ్చి, బ్యాగు కింద పెట్టకుండానే చెప్పింది.

“నాయన చూసినాడు మే. ‘శానా బాగుండాది పాపా, ఎవురి బట్టి ఇది?’ అన్న్యాడు.”

అరిచి ఉంటే బాగుండేది. తప్పయిందని నేను ఒక్క మాట అని ఉన్నా బాగుండేది. నేనేమన్నానో ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. “పైకొచ్చింది గదా!” అన్నాను.

చేతిలో ఉన్న పనులు పూర్తిచేసి ఆమె వెళ్ళిపోయింది. వేరే ఊళ్ళో ఉద్యోగమని చెప్పింది. ఏ ఊరో నేను అడగలేదు. తనే ఫోను చేస్తుందిలే అని బిర్రబిగుసుకుని కూర్చున్నాను. నేను చేసేనాటికి ఆ నంబరు పనిచేయడం లేదు. ఫ్యాను ఇప్పుడు పూర్తిగా నా వైపే తిరిగి ఉంటుంది, నాకేమో అది నచ్చదు.

ఇప్పుడు జనం ఫోనును నోటితోనే అడుగుతున్నారు, అచ్చం ఆమెలాగే పూర్తి వాక్యాల్లో. ‘మనుషులు ఎలా అడుగుతారో అలాగే రాయండి’ అని నేనే కొత్తవాళ్ళకు పాఠం చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ఆమె గుర్తొస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

కిందటేడు కర్నూలు వెళ్ళాను. సందు మొదట్లో నిలబడి ఒక ఆటో ఆయన్ను అడిగాను, “బొరుగుల బట్టి యాడుండాదప్పా?” అని.

“ఇంగ యాడుండాదిమ్మా? ఆ పెద్దాయన పోయినాక తీసేసినారు. వాళ్ళెవురూ ఈడ లేరు,” అన్నాడు.

బట్టి లేదు గానీ దాని పేజీ మాత్రం నా చేతిలోనే ఉంది. ఇంటికి రాగానే మరమరాలు తీసేసి ఆమె ప్రశ్ననూ, వాళ్ళ నాయన జవాబునూ ఎక్కడివక్కడ పెట్టాను. బట్టి మూసేశారని అడుగున ఒక ముక్క రాశాను. ఆమె ఎక్కడున్నా ఎప్పుడో ఒకసారి ఆ మాట వెతక్కపోతుందా అని నా ఆశ.

ఏయే మాటలు వెతికి జనం మన పేజీ దాకా వచ్చారో చూపే జాబితా ఒకటి ఉంటుంది. రోజూ పొద్దున్నే అదే తెరుస్తాను. కానీ ఎవరో ఒకరిద్దరే వెతికిన మాటను అది బయటపెట్టదు, వాళ్ళ గుట్టు కాపాడటానికి. పైన మొత్తం ఎంతమందో ఉంటుంది, కింద మాటల వారీగా కూడితే అంతకు ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఆ తగ్గినవాళ్ళలో ఆమె ఉందో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. ఈ పనిలో ఇన్నేళ్ళుండి, నాకు కావలసిన ఒక్క మనిషిని వెతికే దారి నాకు తెలియలేదు.

మొన్న ఆ జవాబులోంచి రెండక్షరాలు, ఒక సున్నా తీసేశాను. పైన ఆమె ప్రశ్న అలాగే ఉంది. కింద ఇప్పుడు ‘ఈడనే ఉండా, రా’ అని ఉంది.