రత్నమ్మ ఇంటి నంబరు

పెద్దరోడ్డు మీద గ్యాసు పొయ్యిలు బాగుచేసే బండి మైకు వినిపిస్తే చాలు, మా రత్నమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంటోంది. కొత్తలో మాకు అర్థం కాలేదు. ఆ మైకు వినిపిస్తే ఇదివరకు వీధి చివరిదాకా ఎదురెళ్లేది ఆమే. ఏమైందని నేనే గుచ్చి గుచ్చి అడిగితే ఒకరోజు అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పింది. విన్నాక ఆమె మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఏది ముందొచ్చిందో నాకే తెలియదు.

రత్నమ్మ చంద్రశేఖరపురం వైపు నుంచి పెళ్లయి మార్కాపురం వచ్చిన కొత్తలోనే పలకల ఫ్యాక్టరీలో పనికి చేరింది. అక్కడ ఆమె పక్కన కూర్చునేది హలీమాబీ. ఒకరు రాయి నున్నగా రుద్దితే, ఇంకొకరు చెక్క చట్రం బిగించేవారు. మధ్యాహ్నం ఇద్దరి గిన్నెలూ ఒకచోటే తెరుచుకునేవి. రత్నమ్మ మొగుడు పోయినప్పుడు ఈ వీధిలో అయినవాళ్లం అనుకునే మేమంతా పరామర్శించి వెళ్లిపోయాం. రోజూ అన్నం వండి తెచ్చి, దగ్గర కూర్చుని తినిపించింది మాత్రం హలీమాబీ.

ఆ రాతి దుమ్మే చివరికి హలీమాబీ ఊపిరితిత్తులను తినేసింది. కొడుకు అష్రఫ్ ఆమెను ఆసుపత్రుల చుట్టూ తిప్పడానికి ఉన్న ఇల్లు అమ్మాడు. ఇల్లూ పోయింది, తల్లీ పోయింది. మిగిలిన డబ్బుతో పాత ట్రాలీ ఆటో ఒకటి కొని, పొయ్యిలు, కుక్కర్లు, మిక్సీలు బాగుచేసే పని పెట్టుకున్నాడు. టార్పాలిన్ కింద ఒకవైపు పనిముట్లు, ఒకవైపు పడక. భార్య కాశింబీ, కూతురు ఫర్హత్, అతనూ అందులోనే. ఒకరోజు దర్శి, ఒకరోజు కంభం, ఒకరోజు గిద్దలూరు. చీకటి పడితే ఏ పెట్రోలు బంకు పక్కనో బండి ఆపేవారు. పిల్లకు బడిలో పేరుంది గానీ, చదువు చాలావరకు బండిలోనే సాగింది.

తల్లి ఇనప్పెట్టె ఒకటి మాత్రం బండిలో పట్టక రత్నమ్మ వసారాలో పెట్టాడు. నెలలో రెండు మూడు రోజులు వచ్చి ఉండేవారు. ఆమె కుళాయి దగ్గర బట్టలు ఉతుక్కునేవారు, ఆమె ఇంట్లో వండుకునేవారు. ఫర్హత్ అయితే బండి దిగగానే రత్నమ్మ మంచం ఎక్కేసేది.

వాళ్ల ఆధార్‌లో ఉన్నది అమ్మేసిన ఇంటి నంబరు. ఇప్పుడు ఆ ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారు. మన ఆఫీసుల సంగతి తెలిసిందే కదా. మనిషి కళ్లెదుట నిలబడి నేనున్నానంటే చాలదు, ఎక్కడ పడుకుంటున్నాడో కూడా రుజువు చేయాలి. ఆ అవస్థ చూసి రత్నమ్మే అంది.

"నా ఇంటి నంబరు ఏసుకోరా. నంబరేమన్నా అరిగిపోతాదా?"

అష్రఫ్ అడగలేదు. ఆమే ఇచ్చింది. ఈ సంగతి చెప్పేటప్పుడు రత్నమ్మ రెండుసార్లు ఆగింది.

ఈ వేసవిలో ఫర్హత్‌కు గురుకులంలో సీటు వచ్చింది. ఇంక బండిలో పడుకోనక్కర్లేదు. కరెంటు దీపం కింద చదువుకోవచ్చు. కాశింబీ మా వీధి అందరికీ మిఠాయి పంచింది. బడి తెరిచేలోపు నివాస ధ్రువపత్రం ఒకటి ఇవ్వాలన్నారు. రత్నమ్మ ఇంటి నంబరుతోనే దరఖాస్తు పెట్టారు.

"విచారణకు వస్తారంట అత్తా. మేము ఈడనే ఉంటామని ఒక్క మాట చెప్పు. మేము గిద్దలూరు పోయొస్తాము" అన్నాడు అష్రఫ్.

"చెప్పకుండా ఎట్లుంటానురా? పోయి రాండి" అంది రత్నమ్మ.

వాళ్లు అటు వెళ్లగానే ఇటు రత్నమ్మ తమ్ముడు మాలకొండయ్య దిగాడు. అక్క మీద ప్రేమ లేదనను గానీ, ఎక్కడ విన్న భయాన్నయినా మోసుకొచ్చి ఆ ఇంట్లో దించితే తప్ప ఆయనకు టీ గొంతు దిగదు. సంగతి వినగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"నీకేమన్నా మతి పోయినాదా అక్కా? ఇంటి నంబరు మీద పేరెక్కినాక రేపు ఇల్లు మాదంటే ఏం జేస్తావు? దర్శిలో ఒకామె ఇట్లనే రోడ్డున పడినాది."

"అష్రఫ్ అట్లాంటోడు కాదు."

"ఎవురూ ముందుగాల అట్లాంటోళ్లు కాదులే."

ఆమెకున్నది ఆ రెండు గదులే. అవీ మొగుడి పేరు మీదే ఉన్నాయి. పలకలు రుద్ది రుద్ది గోళ్లు అరగదీసుకుని కట్టుకున్న ఇల్లు. ఆ భయం లోపల పడ్డాక ఇంక నిలవనివ్వలేదు.

మర్నాడు వార్డు సచివాలయం నుంచి ప్రియదర్శిని అనే అమ్మాయి వచ్చింది. అష్రఫ్ కుటుంబం ఇక్కడే ఉంటోందా అని అడిగింది. రత్నమ్మ వసారాలో హలీమాబీ పెట్టెకు అడ్డంగా వెళ్లి నిలబడింది.

"ఎవురో నాకు తెల్దమ్మా. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే" అంది.

ఆ పిల్ల ఫోనులో ఏదో నొక్కుకుని వెళ్లిపోయింది. దరఖాస్తు తిరస్కరించారు.

అష్రఫ్ వాళ్లు గిద్దలూరు నుంచి నేరేడు పళ్లు పట్టుకుని వచ్చారు. ఫోనుకు కబురు అప్పటికే వచ్చింది. అతను తిడతాడని, అడుగుతాడని రత్నమ్మ గుండె చిక్కబట్టుకుని కూర్చుంది. అతనేమో ఆమెకే ధైర్యం చెప్పాడు.

"విచారణకొచ్చిన పిల్ల వేరే వీధికి పోయుంటాది అత్తా. నువ్వుండి చెప్పకుండా ఉంటావా? రేపు నేనే పోయి అడుగుతాను."

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు రాలేదంది. ఆ పళ్లు ఒక్కటీ ముట్టలేదు. ఫర్హత్ వచ్చి పక్కన పడుకుని, మెడ చుట్టూ చెయ్యి వేసింది.

"అవ్వా, నేను హాస్టల్‌కి పోతే నువ్వొక్కదానివే పడుకుంటావా? భయం గాదా?"

ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయానంది రత్నమ్మ. నాకు అన్నం పెట్టిన మనిషి మనవరాలు, నా పక్కలో పడుకుని నా గురించి దిగులు పడుతుంటే, నేను దాన్ని ఎవరో తెలియదన్నానే అని కుమిలిపోయింది. ఇల్లు పోతుందన్న భయం ఎటు పోయిందో, తన మీద తనకే అసహ్యం మాత్రం మిగిలింది.

తెల్లవారగానే ఎవరికీ చెప్పకుండా సచివాలయానికి నడిచింది. అక్కడ పనుల మీద వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆమె ఎవరినీ చూడలేదు. తిన్నగా ప్రియదర్శిని బల్ల దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, నేను నీకు అబద్ధం చెప్పినాను. అష్రఫ్ వాళ్లది మా ఇల్లే."

ప్రియదర్శిని విసుక్కుంది. "మొన్న తెలియదన్నారు కదా? ఎందుకన్నారు?"

"నా ఇల్లు రాయించుకుంటారని భయపడినాను. వాళ్లు బతుకుతెరువుకు రోడ్ల మీద తిరుగుతారు తల్లీ. తిరిగి తిరిగి వచ్చేది నా ఇంటికే. ఆ పిల్లకు ఇంకో ఇల్లు లేదు. తప్పు నాది, దాని చదువు చెడగొట్టొద్దు."

చెప్పి కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగితే, గుమ్మంలో అష్రఫ్ నిలబడి ఉన్నాడు. చేతిలో జిరాక్సులు. విచారణకొచ్చిన పిల్ల వేరే వీధికి వెళ్లిందని చెప్పడానికి వచ్చాడు. మొత్తం విన్నాడు. బల్ల దగ్గరికి వచ్చి, సంతకం పెట్టమన్నచోట పెట్టాడు.

మళ్లీ విచారణ జరిగింది. చుట్టుపక్కల మమ్మల్నీ అడిగారు, మేమూ చెప్పాం. పత్రం వచ్చింది. ఫర్హత్ గురుకులంలో చేరింది.

చేరిన మర్నాడు అష్రఫ్, కాశింబీ వచ్చి ఇనప్పెట్టెను బండిలోకి ఎక్కించుకున్నారు. ఎక్కడ పెట్టుకుంటార్రా అని రత్నమ్మ అడిగితే, "ఏదో ఒకచోట సర్దుకుంటాము, మీకెందుకు ఇబ్బంది" అన్నాడు. కాశింబీ పెట్టె ఉన్నచోట ఊడ్చి, తడిబట్టతో తుడిచి మరీ వెళ్లింది. ఆ తర్వాత ఆ బండి మా వీధిలోకి తిరగలేదు. సర్కారు లెక్కలో వాళ్లిప్పుడు రత్నమ్మ ఇంట్లోనే ఉన్నారు. ఇంట్లోనేమో బట్టలారేసే తీగ ఖాళీగా ఉంది.

మొన్న వాళ్ల పేరు మీద బ్యాంకు కవరు ఒకటి వచ్చింది. రత్నమ్మ దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి ఫోను చేసింది. పలకరిస్తాడేమో, పిల్ల సంగతి చెబుతాడేమో అని ఆశ.

"పోస్టుమాన్ దగ్గర ఉంచమనండి రత్నమ్మగారూ, నేను తీసుకుంటాను. తొందర్లోనే వేరే నంబరుకు మార్పించుకుంటామండి. మీరేం భయపడొద్దు" అన్నాడు అష్రఫ్.

"ఒరే, తిట్టరా నన్ను. మీ అమ్మ ఉంటే చెప్పు తీసుకునేది. ఒక్కసారి తిట్టరా" అని ఏడ్చిందట రత్నమ్మ.

అతను తిట్టలేదు. ఆరోగ్యం జాగ్రత్తండీ అని చెప్పి, ఫోను పెట్టేశాడు.