నెత్తళ్ళ వాసన లేని ఆదివారం

మా ఊరికి ఉన్నట్టుండి టూరిజం పిచ్చి పట్టింది. సముద్రం పుట్టినప్పట్నించీ అక్కడే ఉంది పాపం, ఎవరూ పట్టించుకోలేదు. పక్క ఊరివాళ్ళు బీచ్‌లో రంగుల గొడుగులు పాతారని తెలిసేసరికి మావాళ్ళకి అన్నం సయించలేదు. వెంటనే కమిటీ వేశారు. ఆదివారం రాజమండ్రి నించి పెద్దాఫీసరు గారు చూడ్డానికి వస్తారన్నారు. టీచర్ని కదా, స్వాగతోపన్యాసం నాకు అంటగట్టారు. అంటగట్టారని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు ఎగిరి గంతేశాను.

కడియం నించి లారీడు పూలకుండీలు అద్దెకి తెచ్చారు. ఆత్రేయపురం నించి పూతరేకులు తెప్పించారు. మా ఊరిదంటూ మిగిలినవి రెండే, సముద్రమూ, ఎండు నెత్తళ్ళ చేపల వాసనా. రెండోది పనికిరాదని కమిటీ తేల్చేసింది.

ఆ వాసన మా అమ్మది. అమ్మా, ఇంకో పదిమంది ఆడవాళ్ళూ ఆ ఇసక మీదే పాత వలలు పరిచి నెత్తళ్ళు ఎండబెడతారు. నన్ను టీచర్ని చేసింది ఆ నెత్తళ్ళే.

"మేడమ్ గారూ, మీ అమ్మగారికి మీరు చెబితేనే బాగుంటుందండి," అన్నారు ప్రెసిడెంటు గారు, అతిథి పూతరేకుల్ని ముందే రుచి చూస్తూ.

చెప్పాను.

"ఒక్కరోజేనా? మళ్ళీ మా చోటు మాదే కదా?" అంది అమ్మ.

"ఒక్కరోజేనమ్మా. నేను లేనూ?"

"మా అమ్మాయి మాటిచ్చింది, భయం లేదు," అని అమ్మ అందరికీ నచ్చజెప్పింది. సగం ఎండిన నెత్తళ్ళు గంపలకెత్తి ఇళ్ళల్లో పెట్టుకున్నారు. ఆ ఉక్కకి సగం పాడైపోయాయి.

ఆదివారం నేను పట్టుచీర కట్టుకుని "స్వచ్ఛమైన గాలి" అని మూడుసార్లు చదివాను. నా సిగ్గు చిమడా, చప్పట్లు కూడా కొట్టారు. ఆఫీసరు గారు అంతా విని, "బాగుందండి. ఇక్కడి ఎండు నెత్తళ్ళు తప్పకుండా తెమ్మంది మా ఆవిడ. ఎక్కడ దొరుకుతాయండి?" అన్నారు.

కమిటీ మొత్తం నావైపు తిరిగింది. పట్టుచీర ఎగదోపుకుని ఇసకలో పరిగెత్తాను. అమ్మ మురిసిపోయింది. "అంత పెద్దాయన అడిగారా!" అంటూ కుండలో దాచుకున్న పాత సరుకులోంచి మంచివి ఏరి, పేపర్లో చుట్టి ఇచ్చింది.

పొట్లం కారెక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ ఆయన, "ఎంత శుభ్రంగా ఉందండీ! ఎప్పుడూ ఇలాగే ఉంచండి," అన్నారు. ఇంకేముంది, కమిటీకి అదే వేదవాక్కు. సాయంత్రానికి కుండీలు లారీ ఎక్కి కడియం వెళ్ళిపోయాయి. వాటి చోట ఒక బోర్డు లేచింది.

తెల్లారి నేను స్కూలుకి వెళ్తుంటే అమ్మ ఆ బోర్డు ముందు గంప నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. వెనక మిగతావాళ్ళూ గంపలతోనే ఉన్నారు. అమ్మకి చదువు రాదు.

"ఏం రాశారే?"

"ఇక్కడ చేపలు ఎండబెట్టరాదు," అని చదివాను.

అమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. వెనకవాళ్ళ వైపు ఒకసారి చూసి, నాతో మెల్లిగా అంది. "కింద ఎక్కడో ఒక్కరోజే అని రాసుంటారు. సరిగ్గా చూడవే."

ఉన్నది ఒక్క ముక్కే. అయినా అమ్మ చూస్తోందని, బోర్డు పైనించి కిందదాకా మళ్ళీ చదివాను.