అక్క చెప్పిన కాలువ నీళ్ళు

ఇంజనీరింగు చదువుతున్న మా అక్క మనవరాలు మొన్న నరసరావుపేటలో మా ఇంటికి వచ్చి, తమ కాలేజీలో యంత్రానికి తెలుగు నేర్పే పని మొదలైందనీ, కంప్యూటర్లలో తెలుగు రాత బొత్తిగా తక్కువ కావడంతో అది వచ్చీరాని తెలుగు మాట్లాడుతోందని తమ మాస్టారు వాపోతున్నారనీ చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. తక్కువేమిటి? మా తరం విలేకరులం రోజూ రాసి పోసిందంతా ఏమైనట్టు?

మీలో పత్రికల్లో పనిచేసినవారికి గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్లు వచ్చిన కొత్తల్లో ప్రతి పత్రికా తన తెలుగు అక్షరాలను తనే విడిగా చేయించుకునేది. ఒకరి రాత ఇంకొకరి యంత్రంలో తెరిస్తే చీమలు పారాడినట్టు ఏవో పిచ్చి గుర్తులు కనపడేవి. అందరికీ ఒకటే పద్ధతి ఉండాలని పట్టుబట్టినవారెవరూ మా దాకా రాలేదు.

ఆ రోజుల్లోనే నేను ఆదివారం ఆదివారం మా అక్క కబుర్లను, ఆమె నోట వచ్చినవి వచ్చినట్టే, శీర్షికగా రాసేవాణ్ణి. సాగర్ కుడికాలువ నీళ్ళు గురజాల దగ్గర మా చేలకు మొదటిసారి వచ్చిన రోజు, నేనింకా అమ్మ చంకలో ఉండగా, తను పావడా ఎగదోపుకుని గట్టు మీద ఆ నీళ్ళకంటే ముందు పరుగెత్తిన సంగతి అక్క చెబుతుంటే కంచంలో అన్నం ఎండిపోయేది. తర్వాత మా పత్రిక శాఖ కార్యాలయం మారినప్పుడు, అంతా కంప్యూటర్లో భద్రంగా ఉందిగదా అని పాత పేపర్ల కట్టలన్నీ బజ్జీల బండ్లకు తూకానికి అమ్మేశారు. నా రాతలు ఒక సీడీలో ఎక్కించి ఇస్తే, నేనూ సంబరంగా బీరువాలో దాచుకున్నాను.

ఇప్పుడు అక్కకు మతిమరుపు. గురజాల వెళ్ళినప్పుడల్లా ఒకటే పట్టు.

“ఒరేయ్, నీళ్ళొచ్చిన రోజు సంగతి చానా చెప్పా గదరా, అది చదువు.”

నాకు గుర్తున్నంత చెప్పబోతే ఒప్పుకోదు. “అయ్యి నీ మాటలురా. నేను చెప్పింది చదవమంటన్నా.”

ఆమెకు వినే తెలివి ఉండగానే వినిపించాలని మనవరాలి చేత సీడీ తెరిపించాను. ఒక్క అక్షరమూ పోలేదు, ఒక్క అక్షరమూ చదవడానికి లేదు. వేరే పత్రికల పాత అక్షరాలను మార్చిపెట్టే సాధనాలు దొరికాయి గాని మా పత్రికవాటికి లేవు. మా అక్షరాలు చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడిందట.

ఆ పిల్ల జాలిపడి, నాతోపాటు గురజాల వచ్చి, కాలువకు నీళ్ళొచ్చిన కథ చెప్పమని ఫోనులో యంత్రాన్నే అడిగింది. అది ఆడగొంతుతో, గలగల పారే నీళ్ళనీ పులకించిన నేలతల్లనీ తీయతీయగా మొదలుపెట్టింది. అక్క కాసేపు విని కసిరింది.

“ఎవతే ఇది? మన ఊరిది కాదు. కాలవ నీళ్ళు గలగలమంటయ్యా, దీని మొహం! ముందు నీళ్ళు యాడొచ్చినయ్యే? ఎండుటాకులు, చెత్త... ఆ చెత్త మీద తేళ్ళు. ముందు తేళ్ళొచ్చినయ్.”

ఆ తేళ్ళ సంగతి నేనే మరిచిపోయాను.

“తర్వాత, అమ్మమ్మా?” అంది పిల్ల.

అక్క నోరు తెరిచి, ఆగి, నా వంక చూసింది.

“తర్వాత ఏందిరా? నువ్వు రాశావుగా.”

ఒకప్పుడు బజ్జీల పొట్లం విప్పి, నూనె మరకల మధ్య నా రాత నేనే చదువుకున్న రోజులున్నాయి. ఇప్పుడు, ఆ తేళ్ళ వెనక ఏం వచ్చిందో ఒక్క మరకైనా పడకుండా, తళతళలాడుతూ నా బీరువాలో ఉంది.