రాజ్యం ఆంటీ గోడలు చూసిన రోజు

గత వారం ఆంగ్ మో కియోలో ఒక ఆఫీసు లిఫ్టు తలుపు తెరుచుకోగానే లావెండర్ స్ప్రే వాసన వచ్చింది. నేను ఎక్కలేదు. ఆ వాసనకి పదకొండేళ్ళ కిందటి ఒక గది గుర్తొస్తుంది. ఆ గదిలోంచి నన్ను బయటికి తెచ్చిన రాజ్యం ఆంటీ పోయి నలభై రోజులు కూడా కాలేదు.

అప్పుడు క్లెమెంటిలో ఆమె ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆంటీ పెద్దలది కాకినాడ వైపు. ఆమె మాత్రం ఈ దేశంలోనే పుట్టింది. ముప్ఫై ఏళ్ళు ఒక ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో పనిచేసింది. ఏ క్లినిక్‌కి వెళ్ళినా ముందు గోడలు చూసేది. లైసెన్సు, డాక్టరు పేరు చదివాకే కూర్చునేది. నాకు నవ్వొచ్చేది.

నాకు ఇరవై ఆరేళ్ళు. కడుపుతో ఉన్నానని చెప్పాక అతను ఫోను ఎత్తడం మానేశాడు. ఆ బిడ్డను కనలేనని నాకు తెలుసు. ఈ దేశంలో గర్భస్రావానికి ముందు కౌన్సెలింగ్ తప్పనిసరి అనీ, ఆ తరవాత రెండు రోజులు ఆగాలనీ చదివాను. అందుకే ఫోనులో ‘ఉచిత ప్రెగ్నెన్సీ కౌన్సెలింగ్’ అని కనిపించిన చోటికి వెళ్ళాను. చట్టం చెప్పే కౌన్సెలింగ్ అదే అనుకున్నాను.

లావెండర్ వాసన వేసే ఆ గదిలో గడియారం లేదు. పట్టపగలు కూడా తెరలు మూసే ఉండేవి. కౌన్సెలర్ గొంతు పెరిగేది కాదు, తగ్గేది కాదు. ఆసుపత్రి పేరు అడిగితే నా చేయి నిమిరేది. “ఇంకా చాలా టైముంది” అని వచ్చే శనివారం రమ్మనేది. చేయించుకుంటే ఇక పిల్లలు పుట్టరని అంతే మెత్తగా చెప్పేది. ఆఫీసులో ఉండగా మెసేజ్ వచ్చేది: ఈరోజు దానికి గోళ్ళు వస్తున్నాయి. బయటి గదిలో ఎప్పుడూ ఒకే అమ్మాయి పొట్ట మీద చేయి వేసుకుని కూర్చునేది. మొదటి రోజు ఎన్నో వారమని అడిగితే, “ట్వంటీ. నేనూ మొదట నీలాగే వచ్చాను” అంది.

“శనివారం శనివారం ఎక్కడికమ్మా?” అని ఆంటీ అడిగినప్పుడు మూడు వారాలు గడిచిపోయాయి. చెప్పాను.

“కౌన్సెలింగ్ ఆసుపత్రిలోనే చేస్తారు కదే. డాక్టర్ని చూశావా?”

చూడలేదు. నాలుగోసారి ఆమె నాతో వచ్చింది. బయటి గదిలో కూర్చోలేదు. నాలుగు గోడలూ చూసింది. పువ్వుల బొమ్మలు తప్ప ఏమీ లేవు.

“మీ డాక్టర్ ఎవరు?” అని ఇంగ్లీషులో అడిగింది.

“మేము సపోర్ట్ ఇస్తాం, ఆంటీ” అంది కౌన్సెలర్.

“సపోర్ట్ సరేలే. ఈ పిల్ల వద్దనుకుంటే ఏ ఆసుపత్రికి పంపుతారు?”

“అలా మేము పంపం.”

“ఆ ముక్క మొదటి రోజే చెప్పాలిగా.”

తరవాత ఎప్పటిలాగే కుర్చీలో ఉన్న ఆ అమ్మాయి వైపు తిరిగి ఎన్నో వారమని అడిగింది.

“ట్వంటీ” అంది ఆ అమ్మాయి, అదే నవ్వుతో.

మూడు వారాల కిందట నాకు చెప్పిందీ అదే. కిందికి దిగాక ఆంటీకి చెప్పాను. “అయితే దానికి నొప్పులు ఎప్పటికీ రావులే” అంది. నేను నవ్వలేకపోయాను.

ఆ సోమవారమే ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి కౌన్సెలర్ బిడ్డను ఉంచుకునే దారి, దత్తత ఇచ్చే దారి, గర్భం తీసేయించుకునే దారి మూడూ చెప్పి, నేనేమనుకుంటున్నానో అడిగింది. ఇంకొన్ని వారాలు పోతే శరీరానికి కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడు. తరవాత రెండు రోజుల గడువు. మొదటి రోజు సాయంత్రం చారు పోస్తూ ఆంటీ ఒకే మాట అంది: “ఉంచుకున్నా నీ గది నీదే.” రెండు రోజులయ్యాక నేను వెళ్ళి గర్భస్రావానికి ఒప్పుకుంటూ సంతకం చేశాను. ఎందుకని ఆమె అప్పుడూ అడగలేదు, తరవాత పదకొండేళ్ళలోనూ అడగలేదు.

ఈ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అలాంటి చిరునామాయే చూపించింది. అక్కడ డాక్టరు లేడని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. “అక్కా, మీరైతే ఏం చేస్తారు?” అంది. జవాబు నా నోటిదాకా వచ్చింది. అది చెప్పకుండా కౌన్సెలింగ్ గది తలుపు తెరిచి పట్టుకున్నాను. ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది. ఏం నిర్ణయించుకుందో నాకు ఇంతవరకూ తెలియదు.