సిద్దిపేట అవధానంలో నేనడిగిన ప్రశ్న

ప్రాచీన కాలం నుంచి నేటిదాకా భారతీయ సాహిత్యం ఎలా నడిచిందో ఓ గంట పరిచయం చెయ్యమని, ఆపైన అవధానంలో పృచ్ఛకుడిగా కూర్చోమని సిద్దిపేట నుంచి పిలుపొచ్చింది. మాది తెనాలి. హైదరాబాదులో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నాను. మాట్లాడమంటే చాలు, నాకు ఆకలి కూడా గుర్తుండదు. మొన్న ఆదివారం పొద్దున్నే సికింద్రాబాదులో ఎర్రబస్సెక్కాను. టికెట్టు పాతిక రూపాయల పైచిలుకు, ప్రయాణం రెండున్నర గంటలు. ములుగు దాటాక వర్గల్ సరస్వతి గుడికెళ్లే భక్తులు దిగిపోతే కిటికీ సీటు దొరికింది. "ఎవరింటికి సారూ?" అన్నాడు కండక్టర్. అవధానానికన్నాను. "బట్టల దుకాణం సేటు బిడ్డదా? పద్యాలు మంచిగ చెప్తదట. మా ఊర్ల అంత గదే ముచ్చట," అన్నాడు.

బస్టాండు నుంచి రిక్షాలో హాలు చేరాను. గుమ్మంలో ఎదురొచ్చిన అమ్మాయే అవధాని, సుజాత. బళ్లో పాఠాలు చెబుతోంది. అవధానం చెయ్యడం ఇదే మొదలు. "గీడ కూసోండ్రి సార్. ముందుగాల చాయ్ తాగుండ్రి," అంది. పక్కనే వాళ్ల బాపు, బట్టల దుకాణం సేటు. "నాకు పద్యాలు తెల్వయి సారూ. ఆడపిల్ల స్టేజీ ఎక్కుడేందని మావోళ్లు అంటున్రు. ఇయ్యాల నలుగురు మెచ్చుకుంటె సరే. లేకుంటె గిదే మొదలు, గిదే ఆఖరు," అన్నాడాయన. సుజాత నేలచూపులు చూసింది.

నా ఉపన్యాసం, చెప్పకూడదుగాని, బ్రహ్మాండంగా సాగింది. వేల ఏళ్లు నోటి నుంచి చెవికి దాటిన సాహిత్యం తాటాకులకెక్కడం, సంస్కృతం పక్కన దేశభాషలు తలెత్తడం, భక్తి కవులు ఆస్థానాలను కాదని వీధుల్లో పాడటం, అచ్చు వచ్చాక కథ, నవల, వచన కవిత పుట్టడం, అన్నీ చెప్పాను. "జనం మాటను నెత్తిన పెట్టుకున్నప్పుడల్లా మన సాహిత్యం బతికింది," అని ముగిస్తే చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది సుజాతే.

అవధానం తెలియనివాళ్లకు ఓ మాట. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అడుగుతారు. అవధాని ఒక్కో చుట్టులో ఒక్కో పాదమే చెబుతూ పద్యాలు పూర్తిచేసి, చివర్లో కాగితం ముట్టకుండా అన్నీ అప్పజెప్పాలి. ఈలోగా సంబంధం లేని ప్రశ్నలతో ధ్యాస చెదరగొట్టేవాడొకడుంటాడు. దాన్నే అప్రస్తుత ప్రసంగం అంటారు. ఆ కుర్చీ నాది. నవ్వించాలిగాని నొప్పించకూడదు, అదీ దాని మర్యాద. మొదట వంకాయ కూర గురించీ, ఎర్రబస్సు గురించీ అడిగాను. సుజాత ఠక్కున తిప్పికొట్టింది. హాలంతా నన్ను చూసి నవ్వింది. నాకు చురుక్కుమంది. మూడో చుట్టులో, "ఛందస్సు తప్పని ఈ నోటితో ‘గీడ కూసోండ్రి’ అంటారేమిటమ్మా? ఇంతకీ తమరు అవధానం చేస్తున్నది తెలుగులోనేనా?" అన్నాను.

ఒక్కరూ నవ్వలేదు. అక్కణ్ణుంచి సుజాత ప్రతి మాటా కూడబలుక్కుంటూ నాలాగా మాట్లాడటానికి తంటాలుపడింది. చివర్లో ఒక పద్యం మధ్యలో ఆగిపోయి, "గుర్తుకు రావడం లేదండీ," అంది. ఛీ, నా నోరు పడిపోను! మరచిపోయినప్పుడు కూడా ఆ పిల్ల నా మాటలోనే చెప్పింది.

భోజనాల దగ్గర వాళ్ల బాపు స్వయంగా పప్పు వడ్డిస్తూ, "మా మాట గట్లనే ఉంటది సారూ. ఏమనుకోవద్దు," అన్నాడు. నేను అనాల్సిన క్షమాపణ ఆయన చెబుతున్నాడు. "తప్పు నాదండీ. అమ్మాయి చేత అవధానం మాన్పించకండి," అన్నాను. "ఇగ చాలు తీయుండ్రి. నలుగురిల బిడ్డ తల దించుకుంటె నేను సూడలేను," అని నెయ్యి వేసి పక్క విస్తరి దగ్గరికి వెళ్లిపోయాడు.

చెయ్యి కడుక్కుని సుజాత దగ్గరికెళ్లి, క్షమించమని అడిగాను. ఆమె కోప్పడలేదు. "మీ ఉపన్యాసం మంచిగుండె సార్," అంది. వెనక్కి తిరుగుతూ, "నేను నమ్మిన," అంది.

తిరుగు బస్సులో తలెత్తలేకపోయాను. జనం మాట గొప్పదని వందమందికి చెప్పినవాణ్ణి, ఆ మాట ఎదురుగా నిలబడి చాయ్ ఇస్తే వెక్కిరించాను. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లి, ఆ దుకాణం ముందు నిలబడి అందరి ఎదుటా తప్పొప్పుకుంటాను. సేటు మనసు మారుతుందో లేదో తెలియదు. మీలో ఎవరైనా సిద్దిపేట సభకు వెళ్తే పొద్దుటి బస్సే పట్టుకోండి, ముందు వరుస దొరుకుతుంది. ఎవరైనా "గీడ కూసోండ్రి" అంటే, నోరు మూసుకుని కూర్చోండి.